నూట పదిహేడో పేరు

కిందటి వారం కనకదుర్గని వానలో నిలబెట్టేసి వచ్చాం. బ్రాకెన్‌లా ఊరి హాలు మెట్ల మీద, చేతిలో తడిసిన గొడుగు, ఎదురుగా ఓ కాగితం చాచి పట్టుకున్న సైకిల్ క్లబ్బు డగ్గీ. ఎడిన్‌బర్గ్ నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న ఆ ఊరికి ఆవిడ ఆరేళ్లుగా డాక్టరు. నాలుగు నెలలుగా ఆ ఊరి తరఫున అటవీ విభాగంతో తగువు పడుతున్నదీ ఆవిడే. ఆ శనివారం మధ్యాహ్నం మీటింగులో ఊరి మాట చెప్పవలసిన మనిషిని డగ్గీ గుమ్మంలోనే ఆపి, "ఇది నీ పేరేనా డాక్టర్?" అన్నాడు.

వేలు పెట్టి చూపించాడు. నూట పదిహేడో పేరు, కనకదుర్గ కొత్తపల్లి. దాని కింద నూట పద్దెనిమిది, లాస్య కొత్తపల్లి. పైనున్న శీర్షిక చదవడానికి ఆవిడ కళ్లజోడు తుడుచుకోవలసి వచ్చింది. 'బ్రాకెన్‌లా కొండను వైల్డ్‌ల్యాండ్‌గా ప్రకటించడాన్ని సమర్థించినవారు.'

వైల్డ్‌ల్యాండ్ అనే మాట వినడానికి బాగానే ఉంటుంది. కొండని దాని మానాన వదిలేస్తారట. వేసిన దారులు పీకేస్తారు, చెక్క వంతెనలు తీసేస్తారు, పరిచిన కంకర ఎత్తేస్తారు. కాళ్లు బాగున్నవాడు బురదలో పడుతూ లేస్తూ ఎక్కొచ్చు, వాణ్ణి ఎవరూ వద్దనరు. చక్రాల మీద వెళ్లేవాళ్లకి మాత్రం కొండ మూసేసినట్టే.

కనకదుర్గ కూతురు లాస్య వెళ్లేది చక్రాల మీదే. పదకొండో ఏట వెన్నులో గడ్డ తీశాక ఆ పిల్లకి నడుము కింద కదలిక పోయింది. ఇప్పుడు పదిహేడో ఏడు. చేతులతో తిప్పే మూడు చక్రాల సైకిలుంది, ఎత్తు ఎక్కడానికి దానికో చిన్న మోటారుంది. ఆ సైకిలు పట్టేలా డగ్గీ, అతని మనుషులూ రెండు చలికాలాలు ఆదివారాలన్నీ పారలు పట్టుకుని, కొండదారిని జానెడు జానెడు వెడల్పు చేశారు. కనకదుర్గ కూడా పార పట్టింది. ఫాయిల్లో చుట్టిన పెసరట్లు మోసుకెళ్లి అందరికీ పెట్టింది. మిగతా ప్రపంచంలో ఎక్కడికి వెళ్లాలన్నా ర్యాంపుందా, తలుపు పడుతుందా అని ముందు ఫోన్ చేసి కనుక్కోవలసిన పిల్ల, ఆ కొండ మీద మాత్రం ఎవర్నీ ఏమీ అడక్కుండా మూడు మైళ్లు తిరిగొస్తుంది. కనకదుర్గకి ఆ మూడు మైళ్లు కావాలి. అడవులూ చట్టాలూ ప్రభుత్వాలూ ఏమైనా కానీ, ఆ మూడు మైళ్లు పోకూడదు.

"నేను పెట్టలేదు," అంది.

"పేరు నీది. అడ్రసు నీది. పిల్ల పేరుతో సహా." డగ్గీ గొంతు పెంచలేదు. "రెండు వందల పన్నెండు పేర్లు. మార్చి పన్నెండున అన్నీ ఒకే ఫైల్లో వచ్చాయి. అన్నీ మీవాళ్ల పేర్లే. అందులో పందొమ్మిది మందిది ఎక్కడో ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్. అక్కడి నుంచి చూస్తే ఈ కొండ కనపడుతుందా?"

"డగ్గీ, నాకు నిజంగా తెలీదు."

"ఊరంతా కలిస్తే నూట ఎనభై సంతకాలు. మీవాళ్లు ఒక్క రోజులో మమ్మల్ని దాటేశారు. ఆ దారి తవ్వుతూ నా భుజం జారింది. కట్టు కట్టింది నువ్వే." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "లోపల అందరూ చూశారు. నువ్వు రెండు పడవల మీదా కాళ్లు పెట్టావంటున్నారు."

"నువ్వేమంటావు?"

"ఇంకా ఏమీ అనలేదు. అందుకే బయట అడుగుతున్నాను," అని, ఆవిడ కోసం ఆగకుండా లోపలికి వెళ్లిపోయాడు.

లోపల కుర్చీలన్నీ నిండిపోయాయి. రెయిన్‌కోట్ల వాసన, తడిసిన కుక్కల వాసన. ఎప్పుడూ చెయ్యూపేవాళ్లు కాగితాల్లోకి తలలు వంచారు. వీళ్లలో ఎవరి మోకాలు నొప్పో, ఎవరికి నిద్ర పట్టదో ఆవిడకి తెలుసు. తన రోగం విన్న మనిషి మీద పగ పట్టడం ఎవరికైనా సులువే, ఆ మనిషి ముందు అప్పటికే కొంత సిగ్గుపడి ఉంటారు కనుక. కుడివైపు చివరి వరసలో తెలుగువాళ్లు పది పన్నెండు మంది, శాలువాలు కప్పుకుని పెళ్లికొచ్చినట్టు కూర్చున్నారు. ముందు వరసలో, గోడ పక్కన, తన చక్రాల కుర్చీలో లాస్య.

భర్త ఆంజనేయప్రసాద్ హాలు వెనక వంటగదిలో, టీ మరిగే స్టీలు డ్రమ్ము దగ్గర కప్పులు పేరుస్తున్నాడు. పగలు ఎడిన్‌బర్గ్‌లో ఓ బ్యాంకుకి సాఫ్ట్‌వేర్ రాస్తాడు. మిగిలిన వేళలన్నీ తెలుగు సంఘానికి సెక్రటరీ. ఎక్కడ సభ జరిగినా, ఎవరిదైనా సరే, ఆయన చేతులు కప్పుల వైపు వెళ్లిపోతాయి.

కనకదుర్గ తలుపు దగ్గరికి వేసింది. "మార్చి పన్నెండున సంఘం తరఫున అటవీ వాళ్లకి ఏం పంపారండీ?"

ఆయన కప్పు కింద పెట్టాడు. ఆ పెట్టడంలోనే ఆవిడకి జవాబు దొరికింది.

"వనభోజనాల పర్మిషనన్నారు పద్మనాభం గారు," అన్నాడు. "ఏటా హెడ్‌కౌంట్ ఇస్తాం కదా. ఆ ఎక్సెల్ షీటే అప్‌లోడ్ చేశాను."

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. కార్తీకమాసంలో ఉసిరిచెట్టు కింద భోజనం చెయ్యడం మనకి ఆచారం. కార్తీకం స్కాట్లండ్‌లో నవంబరు వానలో వస్తుంది, ఉసిరిచెట్టు అసలు రానే రాదు. అందుకని సంఘం ప్రెసిడెంటు పద్మనాభం గారు తన అద్దాల గదిలో కుండీలో ఓ ఉసిరి మొక్కని పెంచుతారు. ఏటా దానికి దుప్పటి చుట్టి, కారు వెనక సీట్లో బెల్టు పెట్టి, బ్రాకెన్‌లా కొండకి పడమర వైపున్న పచ్చికబయలుకి తెస్తారు. దాని చుట్టూ డేరాలు వేసి రెండు వందల మంది పులిహోర తిని వెళ్తారు. ఆ రెండు వందల మంది పేర్లూ ప్రసాద్ దగ్గర ఒక షీటులో ఉంటాయి. ఇంటికొకరు సరే అంటే చాలు, ఇంటిల్లిపాదీ వరసలో చేరిపోతారు. పెట్టేవాళ్లు ఎవర్నీ అడగరు, తినేవాళ్లు ఎవరూ చదవరు.

"మిల్టన్ కీన్స్ వెళ్లిపోయినవాళ్ల పేర్లు కూడానా?"

"కార్తీకానికి వస్తారు కదా అని తియ్యలేదు."

"ఫామ్ చదివారా?"

"పై పేజీ చదివాను. పద్మనాభం గారు పంపింది ఎవరు పూర్తిగా చదువుతారు, దుర్గా?"

"అది పర్మిషన్ ఫామ్ కాదని మీకు ఎప్పుడు తెలిసింది?"

డ్రమ్ములో నీళ్లు గొణుగుతున్నాయి. ఆయన మూత సరిచేశాడు, సరిగానే ఉన్న మూతని.

"జూన్‌లో. మ్యాప్ వచ్చినప్పుడు."

"ఇది నవంబరు."

"వెనక్కి తీసుకుందామని ఆయన్ని అడిగాను. సంఘం పరువు పోతుందన్నారు. ఆ పచ్చికబయలు మనకి రాసిచ్చేలా మాట్లాడానన్నారు. ఎవరు చూస్తారులే అనుకున్నాను."

"నేను ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించుకుంటుంటే మీరు కారు నడిపారు. పక్కనే కూర్చున్నారు."

"చెబుదామనే ప్రతిసారీ..."

"చెప్పకండి ఇప్పుడు."

ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన మీద ఆవిడకి కోపం చాలాసార్లు వచ్చింది. అసహ్యం రావడం ఇదే మొదలు. కోపమైతే ఏదో ఒకటి అనేసి బయటికి పోవచ్చు, దీనికి ఆ దారి లేదు. తలుపు తీసుకుని హాల్లోకి వెళ్లింది.

అప్పటికే పద్మనాభం గారు మాట్లాడుతున్నారు. రిటైరైన గుండె డాక్టరు, గుంటూరు మనిషి. మెరిసే టై కట్టుకుని, కమిటీ బల్ల దగ్గర సలహాదారు కుర్చీలో కూర్చున్నారు. ఆయన ఇంగ్లీషు ఆ హాల్లో అందరికంటే శుభ్రంగా ఉంటుంది, అదీ ఊరివాళ్లకి కంటగింపే.

"ఈ కొండ మీద గుడ్లు పెట్టే అడవికోళ్లు ఇరవై ఏళ్లలో సగానికి సగం పోయాయి. మీరు ఆటస్థలం పోతుందంటున్నారు. వాటి ఇల్లు పోతోంది. ఒక్క కొండనైనా మనిషి లేకుండా వదిలేస్తే మన సొమ్మేం పోయింది?"

నిజం చెప్పాలంటే మాట తప్పు కాదు. ఆ మాట చెప్పే మనిషికి మరో లెక్క ఉండటమే వచ్చిన చిక్కు. గుర్రాలకి లాడాలు కొట్టే ఒకావిడ లేచి, అటవీ విభాగం ఇచ్చిన పుస్తకంలో తొమ్మిదో పేజీ తెరిచి పట్టుకుంది.

"మా గుర్రాలు నాచు తొక్కితే తప్పు. డగ్గీ సైకిళ్లు తొక్కితే తప్పు. పడమర పచ్చిక దాకా వ్యాన్ల దారి మాత్రం ఉంచారు. 'సాంస్కృతిక వినియోగం, ఏడాదికొక రోజు.' ఎవరిదయ్యా ఆ సంస్కృతి?"

"అది మతాచారం," అన్నారు పద్మనాభం గారు.

"రెండు వందల మంది అన్నం తింటుంటే మీ అడవికోళ్లు లేచి ఎటు పోతాయి?"

హాలు నవ్వింది, మంచి నవ్వు కాదు. వెనకనుంచి ఎవరో, "మీ దేశంలో కొండల్లేవా?" అన్నారు. అటవీ విభాగం కమిటీ అధ్యక్షురాలు మిసెస్ గిల్‌క్రిస్ట్ బల్ల మీద పెన్నుతో కొట్టి, ఆ మాట మళ్లీ వినపడితే బయటికి పంపిస్తానంది. అన్నదెవరో గొంతునిబట్టి కనకదుర్గ పోల్చుకుంది. వారం కిందటే అతనికి బీపీ మాత్ర మార్చింది. ఈవేళ ఎంతుందో చూడాలనిపించలేదు.

ఆవిడ మైకు దగ్గరికి వెళ్లింది. నాలుగు నెలలుగా రాసుకున్న ఉపన్యాసం సంచిలోనే ఉండిపోయింది.

"మీ జాబితాలో నా పేరుంది. నా కూతురి పేరుంది. ఆ పేర్లు మేము ఇవ్వలేదు."

మిసెస్ గిల్‌క్రిస్ట్ కళ్లజోడు తీసింది. "అనుమతి లేకుండా పేరు చేర్చారని, అందులో ఉన్న ఏ ఒక్కరు రాసిచ్చినా ఆ ఫైలు మొత్తం పక్కన పెడతాం. రెండు వందల పన్నెండు పేర్లూ పోతాయి. పంపినవాళ్ల మీద విచారణ ఉంటుంది, వాళ్లు పనిచేసే చోటికి కూడా ఉత్తరం వెళ్తుంది. గడువు ఇవాళ ఐదు గంటలు. ఎవరు పంపారో తెలుసా డాక్టర్?"

గోడ గడియారంలో నాలుగుంబావు.

పద్మనాభం గారు మైకు నుంచి పక్కకి వంగి, తెలుగులో, మందు చీటీ రాసిస్తున్నంత మెల్లగా అన్నారు. "దుర్గమ్మా, తొందరపడకు. బ్యాంకువాళ్లు ఇలాంటివి ఊరుకోరు. ఇంటిగుట్టు బజార్లో పెట్టుకుంటావా?"

"ఇల్లు మాది డాక్టర్ గారూ. మేం చూసుకుంటాం," అంది. తర్వాత మైకులో, ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడిగా, "పంపింది నా భర్త, ఆంజనేయప్రసాద్," అంది.

తలలన్నీ వంటగది తలుపు వైపు తిరిగాయి. ఆయన అక్కడే ఉన్నాడు, భుజం మీద కప్పులు తుడిచే గుడ్డతో. ఊరూ సంఘమూ కలిసి తనని చూడటం ఆయన తట్టుకోలేకపోయాడు. మెత్తటి మనిషికి పౌరుషం వస్తే మంచీచెడూ తోచదు. ఫోన్ తీసి, వెతికి, కుర్చీల మధ్య నుంచి నడిచి వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"అడక్కుండా పెట్టలేదు. ఆవిడని అడిగే పెట్టాను," అన్నాడు. "మార్చి పన్నెండు, పదకొండూ ముప్ఫై ఎనిమిది. 'సంఘం ఫామ్ ఒకటి పంపాలి. మన ముగ్గురి పేర్లూ పెట్టేయనా?' దానికి ఆవిడ జవాబు. 'పెట్టేయండి. ఇలాంటివన్నీ నన్నడక్కండి, పేషెంట్లున్నారు.'"

తెలుగులో చదివి, ఇంగ్లీషులో చెప్పాడు. మిసెస్ గిల్‌క్రిస్ట్ ఫోన్ అందుకుని, ఆ అక్షరాలు చూసి, కనకదుర్గ వైపు తిప్పింది. "ఇది నాకు చదవడం రాదు. ఆయన చెప్పిన అర్థం సరైనదేనా?"

ఆ రోజు గుర్తొస్తుందేమోనని కనకదుర్గ ప్రయత్నించింది. రాలేదు. రావడానికి అందులో ఏముంది కనుక. రోజుకి రెండుసార్లు అనే మాటే అది. స్కూలు ఫామ్, కౌన్సిల్ ఫామ్, పాస్‌పోర్టు ఫామ్, ఏదొచ్చినా పెట్టేయండి, నన్నడక్కండి. ఆయన చదవకుండా అడిగాడు, తను చదవకుండా ఒప్పుకుంది. తిలా పాపం తలా పిడికెడు.

"సరైనదే," అంది.

ఆవిడ కోసం పక్కనే అట్టేపెట్టిన కుర్చీ మీద నుంచి డగ్గీ తన కోటు తీసుకున్నాడు. రెండు వరసలు వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. అతనికి పెట్టిన పెసరట్లూ, కట్టిన కట్టూ ఏమైపోయాయో ఏమో.

"అయితే మీ ఫిర్యాదు నిలవదు," అంది మిసెస్ గిల్‌క్రిస్ట్. "ఆ జాబితాలో ఉన్నవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా ఇక్కడ? అనుమతి ఇవ్వనివాళ్లు?"

చివరి వరసలో శాలువాలు కదిలాయి. నీహారిక అనే అమ్మాయి లేవబోయినట్టు అనిపించింది. పద్మనాభం గారు తల తిప్పి ఆ వరసని చూశారు, అంతే. ఆయన ఆ వరసలో సగంమందికి ఉద్యోగాల కోసం సిఫార్సు ఉత్తరాలు రాసిన మనిషి. నీహారిక శాలువా సర్దుకుని కూర్చుంది. ఎవరూ లేవలేదు.

"నేనున్నాను."

ముందు వరసలో, గోడ పక్కన. లాస్య చక్రాలు తోసుకుంటూ బల్ల దగ్గరికి వచ్చింది. దారిలో అడ్డంగా నిలబడ్డ తండ్రి పక్కకి తప్పుకున్నాడు. ఆ పిల్ల ఆయన వైపు చూడలేదు.

"నూట పద్దెనిమిదో పేరు నాది," అంది ఇంగ్లీషులో. ఆ ఊరి పిల్లలందరి యాసే ఆ పిల్లది. "మార్చి నాటికి నాకు పదహారు నిండి రెండు నెలలైంది. స్కాట్లండ్‌లో పదహారు నిండితే నా సంతకం నాది, అవునా?"

"అవును," అంది మిసెస్ గిల్‌క్రిస్ట్.

"నన్నెవరూ అడగలేదు. ఫిర్యాదు కాగితం ఇవ్వండి."

"లాస్యా, బంగారూ, ఇంటికెళ్లి మాట్లాడుకుందాం," అన్నాడు ప్రసాద్.

"ఇంట్లోనే కదా డాడీ, నాకు ఎవరూ చెప్పనిది."

పద్మనాభం గారు చిరునవ్వు నవ్వారు, పేషెంటు దగ్గర నవ్వే నవ్వు. "అమ్మాయీ, కోపంలో రాసే కాగితం ఇది కాదు. తల్లిదండ్రులు కదా."

"అంకుల్, నా కొండ తీసుకుని మీరు పిక్నిక్ స్పాట్ పెట్టుకున్నారు," అంది లాస్య. "ప్లీజ్, నాతో మాట్లాడకండి."

మిసెస్ గిల్‌క్రిస్ట్ కాగితమూ పెన్నూ ముందుకు జరిపింది. జరిపి, ఇవ్వకుండా ఒక వేలు దాని మీదే ఉంచింది. "ఇందులో రెండు గడులున్నాయి. నీ పేరు పంపినవాళ్లు ఎవరు, నీ బదులు ఒప్పుకున్నవాళ్లు ఎవరు. తెలిసి ఏదీ ఖాళీగా వదలకూడదు. రెండు పేర్ల మీదా విచారణ ఉంటుంది. డాక్టరు పేరు రాస్తే, ఆవిడ ఆ సంగతి డాక్టర్ల మీద పెత్తనం చేసే మండలికి చెప్పుకోవాలి. తేలేదాకా ఈ ఊళ్లో ప్రాక్టీసు ఆగవచ్చు. నీకిది అర్థమైందా?"

"అర్థమైంది."

వేలు తీసింది.

లాస్య కాగితం ఒళ్లో పెట్టుకుని రాయడం మొదలుపెట్టింది. పారతో కాయలు కాసిన చేతులు కావవి, చక్రాలు తిప్పి కాయలు కాసినవి. మొదటి గడిలో తండ్రి పేరు రాసింది, ఇంటిపేరుతో సహా. ప్రసాద్ దగ్గరున్న ఓ కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన మొహం చూడటం కనకదుర్గ వల్ల కాలేదు. గడియారం వైపు చూసింది. నాలుగూ ముప్ఫై ఐదు. ఆ కాగితం నిండితే కొండ ఉంటుంది. తను అడిగింది కూడా అదే, కొండ ఉండాలని.

రెండో గడి దగ్గర పెన్ను ఆగింది. ఊరు ఊరంతా చూస్తోంది. లాస్య తలెత్తి తల్లిని సూటిగా చూసింది. ఆ కళ్లలో కోపముంటే బాగుండునని కనకదుర్గ అనుకుంది.

"అమ్మా," అంది లాస్య, అందరి ముందూ, తెలుగులో. "పాస్‌పోర్టులో నీ పూర్తి పేరు ఎలా ఉంటుంది?"